శిలాయువకులు

ఏజియన్ సముద్రము నడుమ పరచుకొనియున్న సైక్లడీస్ దీవులలో అన్నిటికంటె పెద్దదగు నాక్సోస్ ద్వీపమున, అపోలోనాస్ అను పల్లెకు పైనున్న కొండవాలున, తాను చేరవలసిన ఆలయమును ఎన్నడును చేరని రాతిమనిషి యొకడు రెండువేల ఐదువందల యేండ్లుగా వెల్లకిల పడియున్నాడు. పొడవు పది మీటర్లకు పైమాట. బరువు ఎనుబది టన్నుల వరకు ఉండునని అంచనా. చుబుకముక్రింద గడ్డమునకై విడిచిన రాయి కనిపించుటచే ఇతడు డయొనైసస్ దేవుడై యుండునని పండితులు తలచుచున్నారు. అదే ద్వీపమున, ఫ్లెరియో అనుచోట చెట్లనీడను మరియొకడు, వీనికంటె చిన్నవాడు, కాలు విరిగి నేలపై పరుండియున్నాడు. రాయి పగిలినది; పగిలిన నాటితో ఉలులు ఆగిపోయినవి; యజమాని మరియొక దిమ్మకొరకు సొమ్మిచ్చెనో లేదో గాని, ఈ పడుచువానిని మాత్రము గనిలోనే విడిచి శిల్పులు ఇండ్లకు పోయిరి. మ్యూజియములలో నిలిచియున్న విగ్రహములను విడిచి ఈ పడిపోయిన వానితో ప్రారంభించుటకు కారణము గలదు. పూర్తియైన విగ్రహము తన్ను చేసిన చేతులను దాచుకొనును. మధ్యలో ఆగినది వానిని బయటపెట్టును.

నేటి ప్రసంగ విషయము, క్రీస్తు పూర్వము ఏడవ శతాబ్ది చివర మొదలుకొని ఐదవ శతాబ్ది తొలి సంవత్సరముల వరకు గ్రీకులు చలువరాతిలో మలచుచు వచ్చిన నగ్నయువక విగ్రహములు. వీనిని కళాచరిత్రకారులు కూరోస్ విగ్రహములందురు. పూర్వము వీనినన్నింటిని అపోలో దేవుని ప్రతిమలనియే పిలుచుచుండెడివారు. కాని సమాధులపై నిలిచినవి, మానవుల పేర్లు చెక్కియున్నవి ఒకటి వెంట ఒకటి బయటపడగా ఆ పేరును విడువవలసి వచ్చినది.

ఈ విగ్రహములను చూచియుండని వారికొరకు ఆ నిలుకడను ఒకసారి వర్ణింతును. యువకుడు మనకు ఎదురుగా, తల అటు నిటు త్రిప్పక, తిన్నగా నిలిచియుండును. ఎడమకాలు ఒక అడుగు ముందునకు వేసియుండును గాని రెండు పాదములును మడమలతోసహా నేలను అంటియే యుండును. భుజములు విశాలములు, నడుము సన్నము. చేతులు రెండును ప్రక్కలకు వ్రేలాడి, పిడికిళ్ళు బిగిసి, తొడలను తాకుచుండును. జుట్టు పాయలుపాయలుగా, పూసల పేరులవలె వీపుమీదికి దిగియుండును. ఒంటిపై తలపట్టియో కంఠపట్టియో తప్ప నూలుపోగైనను ఉండదు. కన్నులు పెద్దవి, విప్పారినవి. క్రీ.పూ. ఆరవ శతాబ్ది రెండవ పాదము నాటినుండి పెదవుల కొనలు కొంచెము పైకెత్తి, చిరునవ్వువంటి దొక కాంతి ఆ ముఖములందు ప్రవేశించును.

దీవి మారినను, శిల్పి మారినను, తరములు గడచినను ఈ నిలుకడ మారలేదు. ఆ కాలముననే మట్టికుండలపై గుర్రములను, మల్లయుద్ధములను, విందులను, వీరుల మరణములను ఎన్నెన్ని భంగిమలందో చిత్రించిన జాతి, చలువరాతి యువకుని యొద్దకు వచ్చునప్పటికి ఒక్క నిలుకడనే పట్టుకొని నూరేండ్లకు పైగా ఎందుకు విడువలేదు? చేతకాక యని కొందరు వ్రాసిరి. ఆ మాటను నేను అంగీకరింపజాలను. భంగిమనుగూర్చి ఆలోచింపవలసిన పని లేకపోవుటవలననే ఆ శిల్పుల చూపు మోకాటిచిప్పపై, జత్రువులపై, ప్రక్కటెముకల క్రింది వంపుపై, కనురెప్ప అంచుపై నిలువగలిగినది. తండ్రి ఎక్కడ ఆపెనో కుమారుడు అక్కడ మొదలిడెను. ఒకే రాగమును తరతరములు పాడిన ఇంటిలో స్వరముయొక్క సూక్ష్మము ఎట్లు తెలియవచ్చునో, ఒకే దేహమును తరతరములు చెక్కిన ఆ కర్మశాలలలో మనుష్యశరీరము అట్లు తెలియవచ్చెను.

చెక్కుట యనగా వారికేమో కొంచెము దగ్గరగా చూతము. దిమ్మను గనిలో చుట్టును కాలువలు త్రవ్వి వేరుచేయుదురు. దిమ్మకు నాలుగు ముఖములు: ముందు, వెనుక, రెండు ప్రక్కలు. ముందుముఖముపై యువకుని ఎదురురూపమును, ప్రక్కముఖముపై ప్రక్కరూపమును గీతలతో వేసికొని, నాలుగువైపులనుండియు లోనికి చెక్కుచు వత్తురు. ఒక చేయి ముగించి పిదప మరియొక చేయి మొదలుపెట్టుట లేదు. తల పూర్తిచేసి పాదములకు దిగుట లేదు. విగ్రహమంతయు ఒక్కపొర, మరల అంతయు ఒక్కపొర. ఏథెన్సు జాతీయ పురావస్తు మ్యూజియములో నాక్సోస్‌నుండి వచ్చిన అసంపూర్ణ విగ్రహమొకటి కలదు. దాని నెత్తినుండి పాదములవరకు మొనఉలి దెబ్బలు వేలకొలది చుక్కలై కనిపించును. ఏ అవయవమును మరియొకదానికంటె ముందుకు పోలేదు. దేహమంతయు ఒకే దశలో, మంచుతెరలోనుండి వచ్చుచున్న మనిషివలె నున్నది.

ఆ మొనఉలిని వారు రాతికి నిటారుగా పట్టి సుత్తెతో కొట్టెడివారు. అట్లు కొట్టినపుడు దెబ్బతగిలిన చోట మాత్రమే కాక దాని క్రిందికిని చలువరాతి స్ఫటికములు నలిగి తెల్లబారును. కనుక తుదిచర్మము ఎక్కడ రావలయునో ముందుగానే ఎరిగి, దానికి పైననే ఉలిని ఆపి, మిగిలినదానిని చదునుఉలితోను, పిమ్మట గరుకురాతితోను అరగదీయవలెను. అరగదీయుటకు కావలసిన ఎమెరీ రాయి నాక్సోస్ ద్వీపముననే దొరకును, అదొక దైవానుగ్రహము. పంటి ఉలి గ్రీకుల చేతికి వచ్చినది ఆరవ శతాబ్ది నడుమ. దానిని ఏటవాలుగా పట్టవచ్చును, మలుపుల వెంట నడుపవచ్చును, రాయి నలుగదు. కడపటి తరముల విగ్రహములలో మాంసము మెత్తబడుటకు ఆ పండ్లుగల ఉలియు ఒక కారణమని నా నమ్మకము.

ఇక ఈ నిలుకడ యెక్కడిదన, ఈజిప్టుది. క్రీ.పూ. 664 నుండి 610 వరకు ఈజిప్టును ఏలిన మొదటి సామెటికస్ గ్రీకు సైనికులను కొలువులో పెట్టుకొనెను. నైలు నది పాయయొడ్డున నౌక్రాటిస్ అను గ్రీకు వర్తకనగరము వెలసినది. అక్కడికి పోయివచ్చిన వారు ఎడమకాలు ముందు వేసి, పిడికిలి బిగించి నిలిచిన ఫారోల ప్రతిమలను చూచియే యుందురు. డయొడోరస్ అను చరిత్రకారుడు ఒక కథ చెప్పెను. రోయికోస్ కుమారులు టెలెక్లీస్, థియొడోరస్ అను వారిరువురు సామోస్ దీవివారికి అపోలో విగ్రహము చేయబూని, ఒకడు సామోస్‌లో ఒక సగమును, రెండవవాడు సముద్రమునకు ఆవలనున్న ఎఫెసస్‌లో ఇంకొక సగమును చెక్కిరట. రెండును కలిపినపుడు ఒక్కడే చేసినట్లు అతికినదట. ఈజిప్టువారు దేహమును ఇరువదియొకటింబాతిక భాగములుగా విభజింతురనియు, ఆ కొలత నేర్చుటవలననే ఇది సాధ్యమైనదనియు డయొడోరస్ వివరించెను. కథ జరిగినదో లేదో గాని, అందలి విషయము గాలిమాట కాదు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములోని కూరోస్ విగ్రహమునకు కొలతలు తీసి చూచిన పండితులు అది ఆ ఈజిప్టు ప్రమాణమునకు మిక్కిలి సమీపముగ నున్నదని తేల్చిరి.

అయినను గ్రీకులు మూడు మార్పులు చేసిరి. ఫారో నడుమునకు వస్త్రము కలదు, వెనుక ఆనుకొనుటకు రాతిస్తంభము కలదు. కాళ్ళ నడుమ, చేతులకును మొండెమునకును నడుమ, రాయి తెరవలె మిగిలియుండును. అందువలన ఆ విగ్రహములు అంత దృఢములు. గ్రీకు శిల్పి వస్త్రమును తీసివేసెను. వెనుకనున్న స్తంభమును తీసివేసెను. కాళ్ళ నడుమ రాతిని, చంకల క్రింద రాతిని తొలిచివేసి అటునుండి వెలుతురు ఇటు కనిపించునట్లు చేసెను. దానితో ఆ బరువంతయు రెండు చీలమండలపై పడినది. ఎన్నో కూరోస్ విగ్రహములు చీలమండలవద్దనే విరిగి నేలకొరిగినవి. పీఠముపై పాదములు మాత్రము మిగిలి, మనిషి మాయమైన తావులు కలవు. ఆ ప్రమాదమును శిల్పులు ఎరుగనివారు కారు. ఎరిగియు రాతిని దేనికిని ఆననీయక, తనకాళ్ళపై తాను నిలువజేసిరి. ఈ సాహసమును తలచుకొన్నప్పుడెల్ల నాకు వారిపై గౌరవము ఇనుమడించును.

న్యూయార్కు విగ్రహమును గూర్చి ఇంక కొంచెము చెప్పవలెను. 1932లో ఆ మ్యూజియము దీనిని కొన్నది. అట్టికా ప్రాంతపు సమాధిపై నిలిచినది, క్రీ.పూ. 590–580 నాటిది, ఎత్తు సుమారు 1.95 మీటర్లు. ఇందు దిమ్మయొక్క నాలుగు ముఖములు ఇంకను చెరగిపోలేదు. ఎదుటనుండి ప్రక్కకు నడచిన చూపరికి ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు దాటినట్లుండును; మూల యొకటి అడ్డువచ్చును. చెవి నిజమైన చెవి కాదు, స్తంభశీర్షమునందలి చుట్టవంటి అలంకారము. మోకాలిపైని కండరములు అందమైన గీతలు. పొట్టపైని వంపు ఒక త్రికోణరేఖ. వీపున వెన్నెముక ఒక్క గాడి. ప్రతి అవయవమును శిల్పి ఒక ఆకృతిగా మొదట గ్రహించి, ఆ ఆకృతులను ఒకదానితో నొకటి పొందించెను. దీనిలో జీవము లేదందురు. నిలిచి చాలసేపు చూచినవారికి ఆ గీతలలోనే ఒక బిగువు, ఊపిరి బిగపట్టిన ఒక సిద్ధత కనిపించును. దీని సమకాలికుడు, సూనియన్ అంతరీపమున పొసైడన్ ఆలయముచెంత 1906లో గోతిలో దొరికినవాడు, మూడు మీటర్లకు పైబడి ఏథెన్సు మ్యూజియములో నిలిచియున్నాడు. వారికంటె పెద్దది, సామోస్‌లో 1980లో బయటపడినది, నాలుగున్నర మీటర్లు మించినది. దాని ఎడమతొడపై రీసిస్ కుమారుడగు ఇస్కీస్ దీనిని సమర్పించెనని చెక్కియున్నది. సమర్పించినవాని పేరు పీఠముపైకాక దేహముపైననే! ఆ కాలపు ధనికుల అభిమానము అట్టిది.

ఈ విగ్రహములను ఎవరు, ఎందుకొరకు నిలిపిరి? ఆలయప్రాంగణములలో దేవునికి కానుకగా కొందరు. గతించిన కుమారుని సమాధిపై గురుతుగా కొందరు. బియోషియాలోని టోయాన్ అను అపోలో క్షేత్రమున వందకు పైబడిన కూరోస్ విగ్రహముల తునుకలు దొరికినవి. విగ్రహమునకు వ్యక్తిపోలిక లేదు. ముదుసలి యైనను, శత్రువు చేతిలో చచ్చిన నడివయస్కుడైనను, సమాధిపై నిలుచునది ఇరువదేండ్ల సుందరదేహమే. పేరొక్కటే పీఠమునందుండును. డెల్ఫీలోని జంటవిగ్రహములకు హెరొడోటస్ చెప్పిన కథ తోడైనది. ఆర్గోస్ నగరమున హీరాదేవి పండుగనాడు పూజారిణియగు తల్లిని గుడికి తీసికొనిపోవలసిన బండికి ఎద్దులు సమయమునకు రాకపోగా, కుమారులు క్లియోబిస్, బైటన్ తామే కాడి మోసి నలుబదియైదు స్టేడియములు, అనగా ఎనిమిది కిలోమీటర్లకు పైగా, లాగిరి. జనులు తల్లిని కొనియాడిరి. ఆమె దేవి యెదుట నిలిచి, మానవునకు ఏది శ్రేష్ఠమో అది తన బిడ్డలకు ఇమ్మని వేడెను. బలి, విందు ముగిసిన పిదప గుడిలో నిద్రించిన యువకులు మరల లేవలేదు. ఆర్గోస్ ప్రజలు వారి ప్రతిమలను చేయించి డెల్ఫీకి సమర్పించిరని హెరొడోటస్ వాక్యము. 1893, 1894 సంవత్సరములలో ఫ్రెంచివారి త్రవ్వకములలో దొరికిన ఆ జంట, బండి లాగిన సోదరులే యని చాలకాలము ఎల్లరును నమ్మిరి; దివ్యకవలలగు కాస్టర్, పొలక్స్‌లని తర్వాత కొందరు వాదించిరి. పేరేదైనను ఆ దేహములు మాత్రము అట్టికా దేహములు కావు: పొట్టి తొడలు, బరువైన భుజములు, ముందుకు పొంగిన రొమ్ము, లాగుటకు సిద్ధముగ కొంచెము వంగిన మోచేతులు. నాక్సోస్‌వారిది సన్నని ఒడలు. సామోస్‌వారిది గుండ్రని నునుపు. నిలుకడ ఒకటే గాని ఊరూరికి ఒడలు వేరు.

వీరందరిలో నా మనసును హత్తుకొన్నవాడు అనవిసోస్ అనుచోట దొరికిన యువకుడు. క్రీ.పూ. 530 ప్రాంతమువాడు, పారోస్ దీవి చలువరాతివాడు, ఎత్తు 1.94 మీటర్లు. న్యూయార్కు విగ్రహమునకు తర్వాత ఏబది అరువదేండ్లు గడచినవి; ఎత్తు ఇంచుమించు అదే, అడుగు అదే, పిడికిలి అదే. అయినను ఇతనిని ప్రక్కకు నడచుచు చూచిన మూల అడ్డురాదు. రొమ్ము ప్రక్కటెముకలలోనికి, ప్రక్కటెముకలు వీపులోనికి, తెలియకుండ ఒదిగిపోవును. తొడలు ఉబ్బి, పిక్కలు బరువెక్కి, బుగ్గలు నిండి, లోపలినుండి ఏదో ఒత్తిడి ఆ రాతిచర్మమును బయటికి త్రోయుచున్నట్లుండును. పూర్వులు గీతతో చెప్పినదానిని ఇతని శిల్పి గీత లేకయే చెప్పెను. ఇతనిదిగా సామాన్యముగా భావింపబడు పీఠముపై ఒక శాసనము కలదు. బాటసారిని నిలువుమనియు, ముందువరుసలో పోరుచుండగా ఉగ్రుడైన యుద్ధదేవత పొట్టనబెట్టుకొన్న క్రోయిసోస్ సమాధియొద్ద దుఃఖింపుమనియు అది కోరుచున్నది. యుద్ధమున చచ్చినవాడు! ఒంటిపై గాయము లేదు, కవచము లేదు, చేత బల్లెము లేదు. పెదవిపై ఆ చిరునవ్వు. శోకింపుమని పీఠము చెప్పుచుండగా విగ్రహము నవ్వుచున్నది. కుమారుని కోల్పోయిన తండ్రి, శవముగా ఇంటికి వచ్చిన రూపమును కాక, వాడు బయలుదేరి వెళ్ళిననాటి రూపమును రాతిలో కోరుకొనెనని నాకు తోచును.

ఇతనికి మరణానంతరము జరిగిన అన్యాయమును చెప్పకుండలేను. 1936లో దొంగత్రవ్వకములలో ఇతడు బయటపడగా, దేశము దాటించుట సులభమగునని, అంతటి విగ్రహమును రంపముతో ఖండఖండములుగ కోసి పారిస్ చేర్చిరి. గ్రీకు ప్రభుత్వము ఆరాతీసి 1937లో తిరిగి తెప్పించుకొన్నది. అతికిన కోతలగుర్తులు నేటికిని ఒంటిపై కలవు. శత్రువు బల్లెము చేసిన గాయమును శిల్పి దాచెను. దొంగల రంపము చేసినది దాగలేదు.

తెల్లని చలువరాతిని చూచి గ్రీకులకు తెలుపే సౌందర్యమని నమ్మినవారు పశ్చిమదేశములలో ఎన్నో తరములుగా ఉండిరి. అది పొరపాటు. జుట్టునకు, పెదవులకు, కంటిపాపలకు రంగులు వేసియుండెడివి. 1972లో అట్టికాలోని మెరెండా యొద్ద ఒక గోతిలో ఒక యువకుడును, ఫ్రాసిక్లియా యను కన్యయు ప్రక్కప్రక్కన పరుండబెట్టినట్లు దొరికిరి. ఎండవానలకు అంతగా గురికాని ఆ కన్య వస్త్రముపై పూలరంగులు నేటికిని తెలియవచ్చుచున్నవి. పారోస్ వాడగు అరిస్టియోన్ ఆమెను చెక్కెను. ఆమె పేరున్న పీఠము మాత్రము అంతకు ఎన్నో యేండ్ల ముందునుండియు సమీపమున నున్న ఒక చర్చి కట్టడములో చిక్కుకొనియుండెను.

వీనినన్నిటిని కాలక్రమమున పేర్చి చూపినది మెట్రోపాలిటన్ మ్యూజియమునకు చెందిన గిసేలా రిక్టర్. 1942లో వెలువడిన ఆమె గ్రంథము చెవి, కన్ను, జత్రువు, మోకాలు, పొట్టకండరము ఒక్కొక్కటి తరతరమునకు ఎట్లు మారెనో చూపి, విగ్రహములను జట్లుగా విభజించినది. ఈ క్రమమునందే ప్రతి శిల్పియు నడిచెననుట అతివాదమే. పల్లెశిల్పి పాతదారిని విడువకపోవచ్చును. కాని ఆ గ్రంథము మన కన్నులకు నేర్పిన చదువు మాత్రము సామాన్యము కాదు. 1985లో గేటీ మ్యూజియము కొన్న కూరోస్ ఒకటి దీనికి తార్కాణము. దాని జుట్టు ఒక తరముది, పాదములు తర్వాతి తరముది, దేహపు తీరు మరియొక ప్రాంతముది; చూచిన పండితులు కొందరు తొలిచూపుననే ఉలికిపడిరి. రాతి పరీక్షలు, చర్చాసభలు ఎన్ని జరిగినను తగవు తెగలేదు. క్రీ.పూ. 530 ప్రాంతమున చేసినది లేక ఆధునికమైన నకిలీ యని చీటీ వ్రాసి చాలకాలము ప్రదర్శించి, 2018లో దానిని ప్రదర్శననుండి తొలగించిరి.

నిలుకడలో కడపటివాడు అరిస్టోడికోస్. 1944లో అట్టికాలో పొలములో దొరికెను; వ్యవసాయపు పనిముట్లు ముఖముపై గాట్లు పెట్టినవి. క్రీ.పూ. 500 ప్రాంతపువాడు. వీపుపై జారు పాయలు లేవు, జుట్టు పొట్టి. చేతులు తొడలను విడిచి మోచేతులవద్ద వంగి ముందుకు వచ్చినవి. కండరములు ఒకదానిక్రింద నొకటి పనిచేయుచున్నట్లు తెలియును. ఇంతవరకు వచ్చిన పిదప ఆ నిలుకడ తన్ను తాను భరింపజాలదు. ఎందుకన, జీవించియున్న మనిషి ఒక అడుగు ముందు వేసినపుడు బరువు ఒకకాలిపైకి మారును, ఒక తుంటి పైకి లేచును, రెండవది దిగును. ఆ కదలికకు వెన్నెముక బదులు చెప్పును. కూరోస్‌లో బరువు రెండుకాళ్ళకు సరిసమానము, తుంటి తిన్నని రేఖ. ఒడలెల్ల నిజమైన పిదప ఆ తిన్నని తుంటి ఒక్కటే అబద్ధమై మిగిలినది.

ఆ అబద్ధమును విడిచినవాడు ఏథెన్సు అక్రోపోలిస్‌పై దొరికినవాడు, క్రిటియోస్ బాలుడని పిలువబడువాడు. మొండెము 1865లోను, తల 1888లోను లభించినవి. క్రీ.పూ. 480 ప్రాంతమువాడు, పారసీకులు నగరమును తగులబెట్టినది ఆ యేడే. బరువు ఎడమకాలిపై నిలిచి, కుడికాలు సడలి, తుంటి వంగి, తల కొంచెము ప్రక్కకు తిరిగినది. పెదవులపై చిరునవ్వు లేదు. ఇతనినుండి శాస్త్రీయయుగము ఆరంభమైనదని పుస్తకములన్నియు చెప్పును. ఆ మాట సత్యమే గాని, ఇతనిని చూచి ముందటివారిని మొద్దులనుట కృతఘ్నత. ఇతని మోకాలిని చెక్కిన చేతికి ఆ మోకాలు అనవిసోస్‌నుండి, అరిస్టోడికోస్‌నుండి వచ్చినది. కొత్తగా చేయవలసినది ఆ తుంటి ఒక్కటే మిగిలెను.

మన విద్యార్థులెవరైన ఏథెన్సునకు పోయినచో ఒక మనవి. జాతీయ మ్యూజియములో సూనియన్ యువకుడు, క్రోయిసోస్, అరిస్టోడికోస్ ముగ్గురును ఉన్నారు. ముఖములను చూచి తృప్తిపడి వెనుదిరుగక, ప్రతివాని వెనుకకు పోయి మోకాటి వెనుకభాగమును, పిక్కను, మడమనరమును వరుసగా చూడవలెను. ఆ శిల్పులు నూరేండ్లు ఏమి నేర్చిరో అక్కడ ఇంక స్పష్టముగ తెలియును.